కంపెనీ ఆయిల్, బయటి ఆయిల్

చంటికి, నీ బావ ఆశీస్సులు.

ఆ రోజు ఏం జరిగిందో నేను ఫోన్‌లో చెబితే వినలేవనీ, ఉన్నది ఉన్నట్టు కాగితం మీద రాసిమ్మన్నావనీ మీ ఆవిడ, మా చెల్లెమ్మ చెప్పింది. రాస్తున్నాను. ఆమె చేతికే ఇచ్చి పంపుతాను.

ఆదివారం. మీ అక్క పొద్దున్నే లేచి ముందుగది కిటికీ తెరలు తీసి నానబెట్టింది. టీ తాగుతూ తల నొప్పిగా ఉందంది. మాత్ర వేసుకుంది. తెరలు ఆరేస్తూ తీగ పట్టుకుని అలాగే నిలబడిపోయింది. వెళ్లి ఏమైందని అడిగాను. "మెడ వెనక ఎవరో సుత్తితో కొట్టినట్టుందండీ" అంది. నొప్పి గురించి అలా చెప్పే మనిషి కాదని నీకు తెలుసు. అంబులెన్సుకి ఫోన్ చేశాను. దగ్గర్లో బండి లేదు, కాసేపు ఆగమన్నారు. "ఆగడమెందుకు, ఇంటి ముందు కారు పెట్టుకుని" అంది. తనే మెట్లు దిగింది. తాళం సరిగ్గా పడిందో లేదో చూసిరమ్మని నన్ను వెనక్కి పంపింది.

కారు బాగానే స్టార్టయింది. బజారు దాటాం. పెద్ద వంతెన ఎక్కుతుంటే ఇంజను అరవడం మొదలుపెట్టింది. నేను కాలు నొక్కినకొద్దీ అరుపు పెరిగింది, వేగం పెరగలేదు. కాలిన వాసన వచ్చింది. వంతెన మధ్యకి చేరకముందే బండి ఆగి వెనక్కి జారబోయింది. బ్రేకు పట్టుకున్నాను. గేరు తీసి మళ్లీ వేశాను. కదల్లేదు. దిగి రోడ్డు మీద నిలబడి చేతులు ఊపాను. వచ్చేవి తక్కువ, వచ్చినవి ఆగలేదు. చివరికి కూరగాయల వ్యాను ఒకటి ఆగింది. ఆ డ్రైవరూ నేనూ కలిసి ఆమెను అతని పక్క సీట్లోకి ఎక్కించాం. అప్పటికి తనంతట తాను నడవలేకపోతోంది. ఆ వంతెన మీద ఎంతసేపు పోయిందో నాకు తెలుసు. అది మాత్రం రాయను.

ఆసుపత్రిలో ఆలస్యం చేయలేదు. స్కాన్ తీశారు. మెదడులో రక్తనాళం చిట్లిందన్నారు. ఆపరేషన్‌కి గది సిద్ధం చేస్తున్నామన్నారు. గది సిద్ధం కాకముందే పోయింది. అప్పటికి మధ్యాహ్నమైంది. ఆమె కళ్లజోడు నా జేబులో ఉంది. ఎవరిచ్చారో, ఎప్పుడు పెట్టుకున్నానో గుర్తులేదు.

జరిగింది ఇంతే.

ఇక నీ సంగతి. షాపుకి వెళ్లడం మానేశావట. ఆ ఆయిల్ డబ్బాలన్నీ అరల్లోంచి తీసి వెనక గదిలో పడేశావట. "అక్కను నేనే చంపుకున్నాను" అంటున్నావట. ఆమెను సాగనంపిన రోజు నువ్వు గేటు దగ్గరే నిలబడి లోపలికి రాకపోవడం చూశాను. దుఃఖమనుకున్నాను. ఇలాంటి ఆలోచన ఉందని అనుకోలేదు.

చంటీ, ఒక విషయం నీకు తెలియదని ఇప్పుడు అర్థమైంది. నీ ఆయిల్ ఆ కారులో పడలేదు.

ఆ రోజు మా ఇంట్లో మనం ముగ్గురం భోజనానికి కూర్చున్నప్పుడు జరిగిన వాదన గుర్తుందా? మాది గేర్లు తనే మార్చుకునే ఆటోమేటిక్ కారు. గేర్‌బాక్స్ ఆయిల్ మార్చే సమయమైంది. నువ్వు మీ షాపు నుంచి డబ్బా పట్టుకొచ్చి నా కంచం పక్కన పెట్టావు.

"బావా, కంపెనీ ఏమన్నా సొంతంగా నూనె బావి తవ్వుకుందా? వాళ్లూ బయట ఎక్కడో చేయించుకుని పైన తమ స్టిక్కర్ అంటించుకునేవాళ్లేగా. నా దగ్గర టాక్సీలవాళ్లంతా ఇదే పట్టుకెళ్తారు. డబ్బా వెనక చూడండి, మీ కారు రకం ఆయిల్ అని రాసే ఉంది."

"డబ్బా వెనక ఎవరైనా ఏదైనా రాసుకోవచ్చు. కారుతో వచ్చిన పుస్తకంలో ఏ పేరుందో అదే పొయ్యాలి."

"అంటే నా మాటకి గ్యారంటీ లేదా?"

"నీకుంది. డబ్బాకి లేదు."

మీ అక్క పెరుగు గిన్నె మన మధ్య పెట్టి, "ముందు మీరిద్దరూ తినండి. కారుకి ఆకలేస్తే అదే అడుగుతుంది" అంది.

ఆ తర్వాతి వారం కారు గ్యారేజీకి తీసుకెళ్లాను. కంపెనీ ఆయిల్ నేనే కొని మెకానిక్ చేతికిచ్చాను. పాతది తీసి, కొత్తది పూర్తిగా నింపి, మట్టం సరిచూసేవరకూ పక్కనే నిలబడ్డాను. మీ అక్క కూడా ఉంది. నీ డబ్బా ఇంట్లోనే ఉండిపోయింది. నీదే పోయించానని నీతో చెప్పి ఉంటుంది. నిన్ను చిన్నబుచ్చడం ఆమెకు ఏనాడూ చేతకాలేదు.

నా ఉద్యోగమేమిటో నీకు తెలుసు. కాలిపోయిన గోదాములూ మునిగిన మిల్లులూ చూసి, నష్టానికి కారణం ఏమిటో బీమా కంపెనీకి రాసిస్తాను. ఆ అలవాటుతోనే చెబుతున్నాను. ఆ రోజు ఆగిపోయిన బండిలో ఉన్నది నేను ఎంచుకున్న ఆయిల్. నీకు ఏ సంబంధమూ లేదు. పాత బండి, చెడిపోయింది.

వేళకి తిను. షాపు తెరువు.

నీ
బావ

*

బావగారికి చంటి నమస్కారాలు.

మీ ఉత్తరం చదివిందే చదువుతూ కూర్చున్నాను. మీ చెల్లెమ్మ "ఇక లేవండి, మీ తప్పు లేదని ఆయనే రాశారుగా" అంటోంది. దానికి ఏం చెప్పను? మీకు చెప్పకుండా దానికి చెప్పలేను. అందుకే ఈ ఉత్తరం.

నా ఆయిల్ పడింది బావా. నా చేతుల్తోనే పడింది.

మీరు ఏదో మిల్లు చూడ్డానికి ఊరెళ్లారు, రెండు రోజులు రాలేదు, అప్పుడు. అక్క ఫోన్ చేసి రమ్మంది. వెళ్లేసరికి షెడ్డులో కారు ముందు మూత ఎత్తి పెట్టి ఉంది. చేతిలో గరాటు. నా డబ్బా పక్కన స్టూలు మీద ఉంది. "ఒరేయ్, మీ బావ పంతం నెగ్గించాను. ఇప్పుడు నీ వంతు" అంది. నాకేం అర్థం కాలేదు. "ఆయనకి తెలియకుండా మెకానిక్‌తో చెప్పి సగమే పోయించాను రా. మిగతా సగం నీకోసం ఖాళీగా ఉంచాను. పొయ్యి" అంది.

"సగం సగం ఎవరైనా పోస్తారా అక్కా? రెండు రకాలు కలపొద్దని నేనే అందరికీ చెప్తాను" అన్నాను.

"మీ ఇద్దరూ రెండు రకాలే. ఇన్నేళ్లు నా ఇంట్లో కలిసి లేరా?" అంది.

నాకు నవ్వొచ్చింది. పోశాను. అక్క గరాటు పట్టుకుంది, నేను డబ్బా వంచాను. ఖాళీ అయ్యేదాకా వంచాను. "బావతో అనకు, నా మీద ఒట్టు" అంది. సరేనన్నాను. తర్వాత అక్కడే స్టూలు మీద కూర్చుని టీ తాగాను. చాలా సంతోషంగా ఉంది ఆ రోజు. మీ మీద గెలిచానని కూడా అనుకున్నాను బావా, నిజం చెప్తున్నాను.

నేను ఆయిళ్లు అమ్ముకునేవాణ్ణి. షాపుకి ఎవరొచ్చినా మొదట చెప్పేది ఒకటే. మట్టం చూసే పుల్ల బయటికి లాగు, తుడువు, మళ్లీ పెట్టి చూడు, ఆ తర్వాతే పొయ్యి. ఆ రోజు నేను పుల్ల తియ్యలేదు. అక్క సగం ఖాళీ అంది, నాకు సగం ఖాళీనే. అక్క చెప్పినదాన్ని నేను ఎప్పుడూ కొలిచి చూసుకోలేదు. అమ్మ పోయాక నన్ను పెంచింది తను. ఈ పూట తిన్నావురా అంటే తిన్నట్టే.

ఇన్నాళ్లూ ఏమనుకున్నానంటే, నా ఆయిల్ రకం మీ కారుకి పడలేదేమో, బావ మాట వినాల్సిందేమో అని. మీ ఉత్తరం చదివాక తెలిసింది. మీరు రాశారు కదా, పూర్తిగా నింపేవరకూ పక్కనే నిలబడ్డానని. మట్టం చూశారని. మీరు ఉన్నారంటే అది నిండే ఉంటుంది. అంటే సగం ఖాళీ అన్నది అక్క నాతో అన్న మాటే, నన్ను సంతోషపెట్టడానికి. నిండుగా ఉన్నదాంట్లో నేను ఇంకో డబ్బా పోశాను.

ఎక్కువైతే ఏమవుతుందో ఎవరైనా అడిగితే నిద్రలో లేపినా చెప్తాను. లోపల తిరిగే చక్రాలు ఆయిల్‌ని కవ్వంతో చిలికినట్టు చిలుకుతాయి. నురగ కడుతుంది. నురగకి పట్టు ఉండదు. ఊళ్లో చిన్నచిన్న దూరాలు తిరిగినన్నాళ్లూ తెలియదు. ఎత్తు ఎక్కేటప్పుడు, లోపల వేడెక్కినప్పుడు, ఇంజను అరుస్తుంది, బండి జారుతుంది. మీరు రాసిన వంతెన అచ్చం అదే. అరుపు, వాసన, వెనక్కి జారడం. ఒక్కటి కూడా తేడా లేదు. మీరు నాకు ఊరట ఇద్దామని రాశారు. నాకది తీర్పు చదివినట్టుంది.

నా మీద జాలిపడొద్దు. మీరు తిట్టే మనిషి కాదు, అయినా తిట్టండి. గడప తొక్కొద్దంటే తొక్కను. ఏమీ అనకుండా మాత్రం ఊరుకోకండి బావా. అది నావల్ల కాదు.

ఇట్లు
మీ చంటి

*

చంటికి, ఆశీస్సులు.

నీ ఉత్తరం అంది చాలా రోజులైంది. చెల్లెమ్మ వచ్చిన ప్రతిసారీ జవాబు ఇంకా రాయలేదని పంపేశాను. నీకు నా మౌనం ఎలా ఉండి ఉంటుందో తెలుసు. కావాలని చేయలేదు. ఏం రాయాలో తేలలేదు.

ముందు గ్యారేజీకి వెళ్లాను. వంతెన మీద నుంచి లాక్కొచ్చిన రోజు నుంచీ కారు అక్కడే గోడవారన ఉంది. మెకానిక్ నన్ను చూసి, "వచ్చారా సార్. బాగుచేయమంటారా, పాతసామానుకి ఇచ్చేద్దామా? రోజూ దీన్ని పక్కకి తోస్తేగానీ నా పని మొదలవ్వట్లేదు" అన్నాడు. గేర్‌బాక్స్‌లో ఉన్న ఆయిల్ నా ఎదురుగా తీయమన్నాను. కింద ట్రే పెట్టాడు. ట్రే నిండింది. ధార ఆగలేదు. బోల్టు మళ్లీ బిగించి, బకెట్ తెచ్చుకున్నాడు.

"ఏంటి సార్ ఇది, కారుకి దప్పికేసిందా? నేను పోసింది ఇంత కాదే. ఎవరు పోశారు?"

"మేమే. ఇంట్లోవాళ్లం" అన్నాను.

అతను ఇంకేదో హాస్యమాడబోయి నా మొహం చూసి మానుకున్నాడు. గేర్‌బాక్స్ విప్పి చూసి, లోపలి క్లచ్ పళ్లాలు మాడిపోయాయన్నాడు. ఆయిల్ ఎక్కువవడం వల్లేనా అని అడిగాను. "దానివల్లే అయ్యుండొచ్చు సార్. ఒట్టేసి చెప్పమంటే చెప్పలేను, పాత బండి కదా" అన్నాడు.

తర్వాత ఆసుపత్రికి వెళ్లాను. ఆ రోజు చూసిన డాక్టరమ్మ గుర్తుపట్టింది. వంతెన మీద ఆగకుండా వచ్చి ఉంటే బతికేదా అని అడిగాను. ఆవిడ స్కాన్ ఫిల్ము మళ్లీ వెలుతురుకి పెట్టి చాలాసేపు చూసింది. "బతికేదని చెప్పలేను. బతికేది కాదని కూడా చెప్పలేను" అంది. కారణం తేలనప్పుడు నేను కూడా అందరికీ అలాంటి వాక్యమే రాసిస్తాను. నా బల్లకి అవతలి వైపు కూర్చున్నవాళ్లు దాన్ని విని ఎందుకు లేచి వెళ్లిపోరో, ఇంకేదో చెబుతానన్నట్టు ఎందుకు చూస్తూ కూర్చుంటారో ఆ రోజు తెలిసింది. నేనూ అలాగే కూర్చున్నాను.

ఇంటికి వచ్చాక నాకు కోపం వచ్చింది. నీ మీద వస్తుందని నువ్వు ఎదురుచూశావు. వచ్చింది మీ అక్క మీద. పోయిన మనిషి మీద కోపం వస్తే దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియదు. ఆమె చీరల బీరువా తెరిచి దానికి ఎదురుగా నిలబడి మాట్లాడాను. "నాకొక్క మాట చెబితే ఏం పోయేది?" అన్నాను. "వాడు చిన్నబుచ్చుకుంటే రెండు రోజులు రాకుండా ఉంటాడు, మూడో రోజు వస్తాడు. దానికి ఇంత నాటకమా?" అన్నాను. గట్టిగానే అన్నట్టున్నాను. పక్కింటావిడ గోడ మీద నుంచి, "ఎవరైనా చుట్టాలొచ్చారా అన్నయ్యగారూ?" అని అడిగింది. ఎవరూ రాలేదని చెప్పి బీరువా మూశాను.

ఆమె నాతో చెప్పి ఉంటే ఏం జరిగేదో నాకు తెలుసు. రెండు ఆయిళ్లు కలపకూడదని పుస్తకం తెచ్చి చదివి వినిపించేవాణ్ణి. నీ డబ్బా నీకే తిరిగి పంపేవాణ్ణి. నువ్వు కొన్నాళ్లు ఇటు వచ్చేవాడివి కాదు. అది ఆమెకు ఇష్టం లేదు. మనిద్దరం ఎప్పుడూ పెద్దగా పోట్లాడుకోలేదు చంటీ. పోట్లాడుకోకపోవడం మన మంచితనమని నేననుకున్నాను. మన మధ్య ప్రతిసారీ ఎవరో కూర్చుని సర్దుతున్నారని అనుకోలేదు.

ఇంకొకటి రాయాలి. మొదటి ఉత్తరంలో ఉన్నది ఉన్నట్టు రాశానన్నాను. ఒక్క మాట రాయలేదు. నీ నుంచి దాచడానికి కాదు. అర్థం కాక వదిలేశాను. ఆమెను వ్యాను సీట్లో కూర్చోబెట్టాక నా చొక్కా పట్టుకుంది. అప్పటికే మాట ముద్దగా వస్తోంది. "చంటి మీద కోప్పడకండి" అంది. అక్కడ నీ ప్రసక్తే లేదు. నువ్వు చిన్నప్పుడు చేసిన అల్లరేదో గుర్తొచ్చి పలవరిస్తోందనుకున్నాను. "సరే, కోప్పడను. నువ్వు మాట్లాడకు" అన్నాను. చొక్కా వదిలేసింది. తర్వాత ఇంకేమీ మాట్లాడలేదు.

నీ ఉత్తరం చదివాక ఆ మాట అర్థమైంది. బండి జారుతున్నప్పుడే ఎందుకు జారుతోందో ఆమె గ్రహించింది. నేను ఎప్పటికైనా తెలుసుకుంటాననీ, తెలిస్తే తప్పు నీదే అంటాననీ కూడా అనుకుంది. నాతో చెప్పడానికి ఆమెకు మిగిలింది ఆ ఒక్క మాట. దాన్ని నీ కోసం ఖర్చుపెట్టింది. నాకు ఏమీ చెప్పలేదు. ఇన్నాళ్లూ నన్ను కూర్చోనివ్వనిదీ, పడుకోనివ్వనిదీ ఇదే. తమ్ముడి మీద అసూయపడే వయసు కాదు నాది. అయినా రాస్తున్నాను.

నీ మీద అసలు కోపం రాలేదని రాస్తే అబద్ధమవుతుంది. ఒక రోజు వచ్చింది. పుల్ల తీసి చూడ్డానికి ఎంతసేపు పడుతుంది అనిపించింది. ఆ రోజు నీకు ఒక ఉత్తరం రాసి చింపేశాను. మళ్లీ రావచ్చు. నువ్వు తిట్టమన్నావు. అది నావల్ల కాదు, ఆమెతో సరే అన్నాను. దేనికి సరే అంటున్నానో తెలియకుండా అన్నాను, అన్నది మాత్రం నేనే. కానీ నువ్వు నీ ఇంట్లో తలుపేసుకుని కూర్చుంటే ఆ మాట నేను నిలబెట్టుకున్నట్టు కాదు. కనపడని మనిషి మీద కోప్పడకుండా ఉండటం ఎవరైనా చేస్తారు. నువ్వు నా ఎదురుగా కూర్చోవాలి. నాకు కోపం రావాలి. నేను కోప్పడకూడదు. ఆమె అడిగింది అదని నాకు అనిపిస్తోంది.

కారు బాగుచేయించాను. అమ్మేయమని అందరూ చెప్పారు. ఆ రోజు ఆమె తల వాల్చుకోవడానికని పక్క సీటు వెనక్కి వంచాను. అది అలాగే ఉంది. నిటారుగా చేయమంటారా అని మెకానిక్ అడిగితే వద్దన్నాను. గేర్‌బాక్స్ కొత్త పళ్లాలతో బిగించాడు. లోపల ఇప్పుడు చుక్క ఆయిల్ లేదు. కంపెనీదా, బయటిదా అని అడిగాడు. బయటిదే, మా బావమరిది తెచ్చి పోస్తాడు అని చెప్పాను. కంపెనీ ఆయిల్ మీద నమ్మకం పోయి కాదు. ఇప్పటికీ నువ్వు అడిగితే పుస్తకంలో ఉన్నదే పొయ్యమంటాను. నువ్వు వాదించాలి. ఇంట్లో నాతో వాదించే మనిషి లేదు.

చెల్లెమ్మ ముందుగదిలో కూర్చుని ఉంది. నేను రాసి ముగిస్తే తీసుకెళ్లాలని ఆఫీసు నుంచి నేరుగా వచ్చింది. ఉతికిన తెరలు ఇన్నాళ్లూ మడతపెట్టి కుర్చీలోనే ఉన్నాయి. నన్ను అడగకుండానే లేచి వాటిని కిటికీకి తగిలిస్తోంది. తగిలించనీ.

రేపు పొద్దున్న నువ్వు నిద్రలేచే వేళకి మీ ఇంటికి వస్తాను. నిన్ను బలవంతపెట్టి బయటికి తీసుకురావడానికి కాదు. నువ్వు తలుపు తీయకపోతే వరండాలో కుర్చీ వేసుకుని, తీసేదాకా కూర్చుంటాను.

నీ
బావ